మద్దమ్మ చెప్పని సుద్ది

ఆలూరుకు పడమర, హగరి ఏటికి ఇవతల, జాలిగుడ్డం అని ఒక ఊరు. నల్లరేగడి నేల. వాన పడితే కాలు దిగబడుతుంది. పడకపోతే చేయి దూరేంత బీటలు తీస్తుంది. తాగటానికి ఊరి మధ్యన ఒక దిగుడుబావి, ఉతకటానికి ఊరి బయట ఒక వంక. ఆ వంకలో, బండల దగ్గర మద్దమ్మ బతుకు గడిచింది.

ఆమె చాకలి. మొగుడు గిడ్డయ్య, ఒక గాడిద, ఒక పెద్ద బాన. తెల్లవారగానే ఇల్లిల్లూ తిరిగి బట్టలు మూటగట్టుకోవటం, చౌడు మన్ను కలిపి బానలో ఉడకబెట్టటం, బండకేసి బాదటం, ఆరవేయటం. ఇవి కాక ఆమెకు ఇంకొక పని ఉండేది. ఆ పని ఊళ్ళో మరెవరూ చేయకూడదు. ఏ ఇంట్లో ఆడపిల్ల పెద్దమనిషైనా ఆ సుద్ది ఊరికి చెప్పవలసింది మద్దమ్మే. ఆ వైపు కబురును సుద్ది అంటారు.

ఆ వేళకు పిల్ల ఒంటి మీద ఉన్న బట్టలు చాకలికి చెందుతాయి. వాటిని తీసుకుని ఆమె గడప గడపకూ వెళ్ళి నిలబడుతుంది. ఫలానా వాళ్ళ పిల్ల పెద్దమనిషైందమ్మా అంటుంది. విన్నవాళ్ళు చేటలో జొన్నలు, పైన ఒక బెల్లం ముక్క తెచ్చి ఆమె ఒడిలో పోస్తారు. తరువాత పిల్ల మేనమామ పచ్చికొమ్మలు తెచ్చి వాకిట్లో ఆకుగుడిసె కడతాడు. పిల్ల అందులో కూర్చుంటుంది. నువ్వులూ బెల్లమూ దంచి పెడతారు. గుడిసె ఆకులు ఎండేసరికి స్నానం. ఆ వెనకే అత్తగారింటి బండి వచ్చి వాకిట్లో ఆగుతుంది. పెళ్ళి ఎప్పుడో అయిపోయి ఉంటుంది, పిల్లకు దాని జ్ఞాపకం కూడా ఉండదు. చిన్నపిల్లలకు పెళ్ళి చేయకూడదని చట్టం ఉంది. జాలిగుడ్డానికి ఆ సంగతి తెలియదు.

మద్దమ్మ చెప్పందే పిల్ల పెద్దమనిషి కాదు. తల్లికి తెలిసినా, పిల్లకు తెలిసినా అది తెలిసినట్టు కాదు.

ఆమెకు ఒక్కతే కూతురు, హులిగెమ్మ. హులిగి అని పిలిచేవాళ్ళు. హగరి అవతలి ఊళ్ళో ఉన్న గిడ్డయ్య చెల్లెలి కొడుక్కు చిన్నప్పుడే ఇచ్చారు. బట్టలు పిండటానికి తల్లికి ఆ కొస పట్టుకునేది హులిగే. ఒకరోజు వంకలో దుప్పటి పిండుతూ ఆ పిల్ల తన కొస వదిలేసింది. పావడ చూసుకుని నీళ్ళలో కూర్చుండిపోయింది.

"అమ్మా, యాడా చెప్పొద్దుమా."

"చెప్పకుంటే ఎట్లే? ఊరందరి సుద్దీ చెప్పేదాన్ని. నా ఇంటిది దాచుకుంటే రేపు నా మాట ఎవురు నమ్ముతారు?"

"జొన్నకోతలు అయ్యేదాకా చెప్పొద్దు. అంతే."

"అయినాకేమైతాది?"

"నాకు భయమైతాది," అంది.

"అందరికీ అయ్యేదే. లెయ్, నువ్వులుంటలు చేసిపెడతా."

మద్దమ్మ ఆ రోజే గడపలన్నీ తిరిగింది. తమ చాకలి బిడ్డ అని జనం ఎక్కువ జొన్నలే పోశారు. ఆమె ముఖం కళకళలాడింది. ఆకులు ఎండాయి. బండి వచ్చింది. హులిగి బండి చివర కూర్చుని వెళ్ళింది.

మరుసటి ఏడు కాన్పు. తొలి కాన్పు పుట్టింట్లో కావాలి. బండి కట్టి పంపిస్తే హులిగి రానన్నదట. పుట్టిన బిడ్డ పురిట్లోనే పోయింది. ఆ కబురు విని మద్దమ్మ హగరి ఇసుకలో నడిచి వెళ్ళింది. ఆడబిడ్డ మర్యాదగానే కాళ్ళకు నీళ్ళిచ్చి సంగటి పెట్టింది. హులిగి విసుర్రాయి దగ్గర కూర్చుని ఉంది. తల్లి వైపు వీపు. చేయి సన్నగా, కట్టెలా ఉంది. రాయి తిరుగుతూనే ఉంది.

"ఊరికి రా తల్లీ. నాలుగు దినాలుండి పోదువు," అంది మద్దమ్మ.

రాయి ఆగింది. హులిగి వెనక్కి తిరగలేదు.

"అందరిండ్లకూ పోయి చెప్పినావు గదా, నగుతా నగుతా. అప్పుడు నేను చూస్తానే ఉంటి."

రాయి మళ్ళీ తిరిగింది.

మద్దమ్మ వచ్చేసింది. ఆ తరువాత ఎన్నిసార్లు కబురు పెట్టినా హులిగి పుట్టింటి గడప తొక్కలేదు. ఒక ఆడపిల్ల పుట్టిందని తెలిసింది. దానికి అత్తగారి పేరు పెట్టారని తెలిసింది. మద్దమ్మ మళ్ళీ ఏరు దాటలేదు. పోతే ఆ వీపే కనిపిస్తుందని ఆమె భయం. కూతురు తనంతట తాను వచ్చి, తమ గుడిసె ముందు నిలబడి, అమ్మా అని పిలవాలి. ఆమెకు కావలసింది అంతే. మిగతావన్నీ ఉన్నా లేకపోయినా ఆమెకు పట్టింపు లేదు.

రెండు ఊళ్ళకూ తిరిగేవాడు ఒకడున్నాడు. గాజుల మౌలాసాబు. భుజాన గాజుల మలారం వేసుకుని ఏటికి ఆ దరీ ఈ దరీ నడిచేవాడు. అతను వచ్చినప్పుడల్లా మద్దమ్మ గాజులు కొనకుండా పక్కన కూర్చునేది.

"నా బిడ్డకు గాజులేసినావా సాబూ?"

"ఏసినా."

"ఏ సైజు పట్టింది?"

"చిన్నపిల్ల సైజే. అట్లే ఉండాది చెయ్యి."

ఒక ఏడు అతను, "ఈ తూరి ఒక సైజు పెద్దది పట్టింది మద్దమ్మా," అన్నాడు. ఆ రోజంతా ఆమె బట్టలు బాదుతూ తనలో తాను ఏదో అనుకుంటూనే ఉంది. గిడ్డయ్య విని, "ఏమే, బండతో మాట్లాడతాండావు?" అన్నాడు.

కర్నూలు రాజధాని అయింది. హగరి అవతలి ఊరు మైసూరు సీమలోకి పోయింది. ఏరు మాత్రం అక్కడే ఉంది. వేసవిలో ఎండిపోయి, ఎవరైనా దాటిపోవచ్చన్నట్టు తెల్లగా పడి ఉండేది.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం ఆమె నాగలక్ష్మమ్మ ఇంటి పెరట్లో బట్టలు మూటగడుతోంది. నాగలక్ష్మమ్మది సేద్యపు ఇల్లు, రెండు జతల ఎద్దులు. మూటలో ఒక పావడ మడత వేరుగా ఉంది. మద్దమ్మ విప్పి చూసింది. ఆ ఇంటి పిల్ల బసమ్మ పత్తి నిలవచేసిన కొట్టంలో, పత్తికుప్ప వెనక నుంచి చూస్తోంది. జుట్టంతా దూది.

"నాగలక్ష్మమ్మా, ఈ పావడ."

నాగలక్ష్మమ్మ చేతిలో చేట ఆగింది. "నిన్న మాపున మద్దీ. నేనే పిలిపిద్దామనుకుంటాండా. ఆకులు తెమ్మని మా తమ్మునికి చెప్పాల."

"ఎవురికన్నా చెప్పినావా?"

"వాళ్ళ నాయనకు గూడా చెప్పలేదు ఇంగా."

మద్దమ్మ కొట్టం వైపు చూసింది. పిల్ల చూపు తిప్పుకోలేదు. ఆ చూపు మద్దమ్మకు తెలుసు. నీళ్ళలో కూర్చుని ఒక పిల్ల అలాగే చూసింది.

"అయితే ఏం కాలేదు," అంది.

"కాలేదంటే?"

"నేను చెప్పలేదు గదమ్మా. చెప్పనప్పుడు కానట్టే."

నాగలక్ష్మమ్మకు అర్థం కావటానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక గొంతు తగ్గించింది. "నీకేమన్నా మతి ఉండాదా? దేవుని గూడు ఉండాది ఇంట్లో. ఊరగాయ జాడీలుండాయి. ఈ పిల్ల లోపల తిరిగితే మైల గాదా?"

"మైల తీసేదెవురు?"

"నువ్వే."

"నేను తీసినానంటే తీసినట్టు. పొద్దున్నే వస్తా. గుడ్డ నా చేతికియ్యి. మైల నా మూటలో ఉంటాది, నా మూట వంకకు పోతాది. నీ ఇంట్లో ఏముంటాది?"

నాగలక్ష్మమ్మ చేట కింద పెట్టింది. కొట్టం వైపు చూసింది. బసమ్మ అప్పుడే తల దించుకుంది.

"నేను వచ్చినప్పుడు ఇంతే ఉంటి మద్దీ. మా అత్త నన్ను ఎత్తుకోని బండి దించింది." చేట మళ్ళీ అందుకుని, "మొగోళ్ళకు తెలిస్తే నరుకుతారే," అంది.

"తెలిసేది నా నోట్లోనుంచే కదా తల్లీ."

అలా మొదలైంది. బసమ్మ మళ్ళీ బడికి పోయింది. నాగలక్ష్మమ్మ ఎవరికీ చెప్పలేదు, తన అక్కకు తప్ప. అక్క ఎవరికీ చెప్పలేదు, తన తోడికోడలికి తప్ప. ఆ ఏడు ముగిసేసరికి ఎగువ వీధిలో సగం ఇళ్ళ తల్లులు మద్దమ్మను పెరట్లోకి పిలిచి, నీ కాళ్ళకు మొక్కుతా, ఈ సంగతి నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు అని ఒట్టు వేయించుకున్నారు. ప్రతి తల్లీ ఈ తప్పు చేస్తున్నది తానొక్కతేనని నమ్మింది. మద్దమ్మ ప్రతి ఒక్కరికీ ఒట్టు వేసింది.

పిల్లలందరికీ ఒకే కోరిక ఉండదు. కమ్మరి ఇంటి ఈరమ్మ ఒకరోజు వంకకే వచ్చి ఆమెను నిలదీసింది.

"నా సుద్ది ఎందుకు చెప్పవు? నాకు ఆకుగుడిసె కావాల. కొత్త చీర కావాల. మా అమ్మ నీతో గుసగుసలాడింది నేను విన్యా."

"అత్తగారింటికి పంపిస్తారే, పిచ్చిదానా."

"పంపనీ. అక్కడ పాడి ఎనుములు ఉండాయంట. ఈడ ఏముండాది, కొలిమి తిత్తి ఊదేది!"

మద్దమ్మ తలపట్టుకుంది. తల్లిని ఒప్పించి ఒక ఏడు ఆపింది. అంతకన్నా ఆపలేకపోయింది. ఆ పిల్ల గుడిసెలో కూర్చుని నువ్వులుంటలు తిని, దారిన పోయే ప్రతివాళ్ళనూ పలకరించింది.

గిడ్డయ్యకు మాత్రం ఇదేదీ నచ్చలేదు. చేటల జొన్నలు రావటం లేదు. "వేరేవోళ్ళకు చేతులతో తిండి వస్తాది. మనకు నీ నోటితో వచ్చేది. ఆ నోటికి బీగమేసుకున్నావు," అనేవాడు.

"నీ బిడ్డ దెగ్గరికి పోయి ఈ మాట అనుపో," అనేది మద్దమ్మ. అతను లేచి గాడిద దగ్గరకు పోయేవాడు.

ఆ తరువాత ఊరికి కృష్ణవేణమ్మ వచ్చింది. కడప జిల్లా, ఒంటిమిట్ట దగ్గర పల్లె ఆమెది. గ్రామసేవిక. బ్లాకు ఆఫీసువాళ్ళు వేశారు. వెంట పాలపొడి డబ్బాలు తెచ్చింది. ఆడవాళ్ళు పాలపొడి కోసం వచ్చారు, డబ్బా మూత మూయగానే పోబోయారు. ఆమె దారికి అడ్డం నిలబడి మాట్లాడింది. పిల్లల ఒళ్ళు పూర్తిగా పెరగకముందే కాన్పులైతే తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారని చెప్పింది. వినేవాళ్ళు నేల చూశారు. నెలసరి గుడ్డలు సిగ్గుతో ఇంటి కప్పు బోదలో, చీకట్లో దోపి ఆరబెడతారు, అవి తడితడిగానే ఉంటాయి, దానితో పుండ్లు పడతాయి, కడుపునొప్పి, జ్వరం వస్తాయి, ఎండలో ఆరవేయాలి అని చెప్పింది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఒకరినొకరు తోసుకుంటూ వెళ్ళిపోయారు. చివరిదాకా విన్నది, మూట నెత్తిన పెట్టుకుని దూరంగా నిలబడ్డ మద్దమ్మ ఒక్కతే.

మరునాడు కృష్ణవేణమ్మ వంక దగ్గరకు వచ్చింది. చెప్పులు విడిచి బండ మీద కూర్చుంది.

"మద్దక్కా, ఒక మాట అడుగుతా. చుట్టుపక్కల ఊర్లల్లో ఈడొచ్చిన ఆడపిల్ల ఒక్కతి బడిలో ల్యాదు. ఈ ఊర్లో ఒక వరస నిండా ఉండారు. నేను రాకముందు నుంచే వస్తాండారంట. ఎట్లక్కా?"

అక్కడ ఇంకా నలుగురు ఆడవాళ్ళు కడవలు తోముతున్నారు. అందరి చేతులూ ఆగాయి.

"మా ఊరి పిల్లలు ఆలస్యంగా పెద్దమనుషులైతారు సేవికమ్మా," అంది మద్దమ్మ. ఏదో ఒకటి చెప్పాలి. "నీళ్ళ గుణమేమో."

"నీళ్ళ గుణమే," అన్నారు నలుగురూ ఒకేసారి.

కృష్ణవేణమ్మ వాళ్ళ ముఖాలు చూసింది. బాన పక్కన తడిగుడ్డల కుప్ప ఉంది. అందులో చిన్నచిన్న గుడ్డలు, పాత పావడలు చింపినవి. ఆమె ఒకటి తీసి చూసి మళ్ళీ పెట్టింది. వెళ్ళేటప్పుడు చెప్పులు తొడుక్కుంటూ, "ఎండలో ఆరేయక్కా. బాగా ఉడకబెట్టి, ఎండలో," అంది.

అప్పటి నుంచి ఆ గుడ్డలు బండల మీద ఆరాయి. మద్దమ్మ వాటిని బానలో విడిగా ఉడకబెట్టింది, పెద్దచీరల నడుమ పరిచింది. మొదట సిగ్గుపడ్డ తల్లులు తరువాత కప్పులో దోపటం మానేశారు. తమ గుడ్డలూ ఇచ్చారు. బసమ్మకు ఎండాకాలమంతా ఉండే దురద పోయింది. కృష్ణవేణమ్మ వారానికి ఒకసారి వచ్చి వంక దగ్గరే కూర్చునేది. పిల్లలు కడవలు తోమే నెపంతో అక్కడికే చేరేవారు. అడగరానివి అడిగేవారు. ఆమె చెప్పేది. మద్దమ్మ బట్టలు బాదటం ఆపి ఆ మాటలు వినేది. ఈ మాటలు నా హులిగికి ఎవరు చెప్పారు అనుకునేది.

నీళ్ళ గుణం అన్న మాట మాత్రం వంక దగ్గర ఆగలేదు. తల్లులకు ఆ మాట అక్కరకొచ్చింది. మొగుళ్ళు అడిగినప్పుడు అదే చెప్పారు. మొగుళ్ళు సంతలో చెప్పారు. ఒకనాడు బసమ్మ అత్తింటి మామ అయ్యన్న, దూరపు ఊరి నుంచి బండి కట్టుకుని వచ్చాడు. ఇంట్లోకి పోకుండా నేరుగా దిగుడుబావి మెట్లు దిగాడు. దోసిలితో నీళ్ళు తీసుకుని పుక్కిలించి ఉమ్మాడు. మళ్ళీ తీసుకుని మింగాడు. మెట్ల మీద ఊరి మగవాళ్ళంతా నిలబడి చూస్తున్నారు.

"ఎట్లుండాయి అయ్యన్నా?" అన్నారెవరో.

"సప్పగుండాయి. వేడి లేదు ఈ నీళ్ళల్లో. ఆడపిల్లకు వేడి ఉండాల." అతను తలపాగాతో మూతి తుడుచుకున్నాడు. "ఈ నీళ్ళు తాగి మీరు మాత్రం మొగోళ్ళెట్లయినారప్పా?"

పెద్ద నవ్వు. అయ్యన్న నవ్వలేదు. మరుసటి వారం నుంచి తన ఊరి బావి నీళ్ళు కడవలో నింపి, మూతికి గుడ్డకట్టి, సంతబండి మీద పంపించసాగాడు. కోడలు ఇవే తాగాలని కబురు. నాగలక్ష్మమ్మ ఆ నీళ్ళు ఏం చేయాలో తెలియక ఎనుముకు పోసింది. ఎన్నో ఏళ్ళుగా కట్టని గొడ్డు ఎనుము ఆ నెలలోనే చూడి కట్టింది. నాగలక్ష్మమ్మ పరుగున వంకకు వచ్చింది.

"మద్దీ, నిజ్జంగానే నీళ్ళల్లో ఉండాదే!"

"ఏముండాది?"

"ఏదో ఉండాది. ఎనుము కట్టింది!"

మద్దమ్మ బండ మీద కూర్చుండిపోయి నవ్వింది. ఆమె అలా నవ్వటం చూసి చాలాకాలమైందని గిడ్డయ్య ఆమె వైపే చూశాడు.

ఊరి మగవాళ్ళు చావడిలో కూడి, పిల్లలు వేళకు పెద్దమనుషులయ్యే కొత్త బావి సర్కారు తవ్వించి ఇవ్వాలని తీర్మానించారు. పెద్దరైతు ఒకాయన కృష్ణవేణమ్మను పిలిచి ఆ మాట చెప్పాడు. ఆమె శ్రద్ధగా విన్నది.

"రాస్తా సామీ. తప్పకుండా రాస్తా. గవర్నమెంటు పని గదా, రెండు మూడేండ్లు పడతాదేమో. అంతవరకూ ఈ నీళ్ళే."

"అంతవరకూ పిల్లలను ఏం చేయాల?"

"బడికి పంపండి. ఊరికే ఇంట్లో కూసోబెట్టి ఏం చేస్తారు?"

ఆయన తల ఊపాడు. అదీ నిజమేననిపించింది.

బసమ్మ ఎనిమిదో తరగతి అయ్యేదాకా ఊళ్ళోనే ఉంది. అప్పుడు ఆ పిల్లే, "ఇంగ చెప్పు మద్దమ్మా. నాకు భయం ల్యాదు," అంది. మద్దమ్మ పాత పావడ ఒకటి పట్టుకుని గడప గడపకూ వెళ్ళింది. ఆకుగుడిసె వేశారు. బండి వచ్చింది. బసమ్మ తల్లికంటే ఎత్తుగా ఉంది. ఎవరూ ఎత్తకుండా తానే చక్రం మీద కాలు పెట్టి ఎక్కింది. మలుపు తిరిగేదాకా చేయి ఊపుతూనే ఉంది. జనం లోపలికి పోయాక కూడా మద్దమ్మ అక్కడే నిలబడి ఉంది. ఆమె కళ్ళ ముందు ఇంకొక బండి, దాని చివర ఇంకొక పిల్ల. ఆ పిల్ల చేయి ఊపలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆ ఏడు మౌలాసాబు ఆలస్యంగా వచ్చాడు. మోకాళ్ళు నొస్తున్నాయన్నాడు. మద్దమ్మ అతనికి మజ్జిగ ఇచ్చి పక్కన కూర్చుంది.

"మీ ఊరి నీళ్ళ మాట ఏటి అవతలకు గూడా వచ్చింది మద్దమ్మా. మీ బిడ్డ అడిగింది."

మద్దమ్మ అతని వైపు జరిగింది. "ఏమని?"

"ఆ నీళ్ళు ఎప్పటినుంచి అట్లయినాయి సాబూ, అనింది. నువ్వు వచ్చేసినాకనే తల్లీ అంటి. నేను వచ్చేసినాకనా, అనింది. అని నగింది."

"నగిందా?"

"ఆఁ."

"ఎట్ల నగింది సాబూ? మంచిగా నగిందా, ఏడిపించేట్టు నగిందా?"

మౌలాసాబు మజ్జిగ తాగి చెంబు కింద పెట్టాడు. "గాజులేసేటప్పుడు నేను చెయ్యి చూస్తా గానీ మొగం చూస్తానా మద్దమ్మా?"

మద్దమ్మ చెంబు తీసుకుని లేచింది. చాలా రోజులు ఆ నవ్వును తనే తయారుచేసుకుంది. ఒకసారి అది వెక్కిరింత. ఒకసారి కాదు. చిన్నప్పుడు హులిగి దుప్పటి పిండుతూ నీళ్ళు తన మీద పడితే నవ్విన నవ్వు గుర్తు తెచ్చుకోబోయింది. శబ్దం గుర్తుంది. ముఖం సరిగా రాలేదు.

ఆ చలికాలం పోయి ఎండ ముదిరింది. ఒక పగలు మౌలాసాబు మలారంతో వంక వైపే వస్తున్నాడు. వెనక ఒక పిల్ల. నెత్తిన చిన్న మూట. పాదాలకు ఏటి ఇసుక. గాజులు కొత్తవి. పిల్ల ఆగి బండలనూ బాననూ గాడిదనూ చూసింది. చివరకు మద్దమ్మను చూసింది.

"మా అవ్వ ఈమేనా?" అని సాబును అడిగింది.

మద్దమ్మ తడిచేతులు చీరకు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. పిల్ల వెనక దారి చూసింది. దారిలో ఎవరూ లేరు.

"మీ అమ్మ రాల్యా?"

"రాల్యా."

"నీ పేరేమి తల్లీ?"

"సుంకమ్మ. సుంకి అంటారు."

"నిన్ను ఎట్ల పంపించినారు?"

"నీకు బాగ లేదంట, చేతికింద మనిషి ల్యాదంట అని అమ్మ చెప్పింది, మా నాయనతో. కీళ్ళనొప్పులంట." పిల్ల అవ్వను పైనుంచి కిందికి చూసింది. "నువ్వు బాగనే ఉండావే?"

"లేదు లేదు. నొప్పులే," అంది మద్దమ్మ. నడుము మీద చేయి వేసుకుంది. "శానా నొప్పులు."

మౌలాసాబు అటు తిరిగి దగ్గాడు.

సుంకి మూట దించింది. విప్పకుండా రెండు చేతులతో పట్టుకుని అవ్వ ముందుకు చాచింది. తల్లి నేర్పిన మాట మరిచిపోకుండా ఒక్క ఊపిరిలో చెప్పింది.

"నీ గుడ్డలు మీ అవ్వ చేతికే ఇయ్యి, ఇంకెవురి చేతికీ ఇయ్యొద్దు, అనింది అమ్మ."

మద్దమ్మ మూట తీసుకుంది. ముడి విప్పింది. రెండు పావడలు, ఒక రవిక. అడుగున, విడిగా, పాత పావడ చింపి చిన్నగా మడిచిన గుడ్డ. చీకట్లో ఆరిన గుడ్డ వాసన. ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకోబోయి, పిల్ల చూస్తోందని ఆగి, అరచేతిలో ఉంచుకుంది. ఏటి అవతల ఒక ఇంట్లో ఒక చేయి దీన్ని మడిచింది. అంచుకు అంచు సరిగ్గా. అలా మడవటం వంకలో తాను నేర్పిందే.

"ఇంకేమన్నా చెప్పిందా?"

"ఏం చెప్పలేదు."

"నీకు దారిలో తినేదానికి ఏం కట్టింది?"

"రొట్టె. చెనిక్కాయ పొడి."

"పొడిలో ఎల్లిపాయ ఎక్కువేస్తాదా ఇప్పటికీ?"

"ఊఁ. నోరు మండుతాది."

మద్దమ్మ గుడ్డను బానలో వేసింది. మంట ఎగదోసింది. చేతికి ఇంకేమీ పని దొరకలేదు. పిల్ల వచ్చి పక్కన కూర్చుంది. నీళ్ళలో పాదాలు పెట్టి ఇసుక కడుక్కుంది.

"నేను ఎన్ని దినాలుండాలవ్వా?"

"మీ అమ్మ వచ్చి పిల్చుకోని పోయేదాకా."

"అమ్మ రాదు. నాతో చెప్పింది. నేను రాను, నువ్వు పో, అని."

"రాకుంటే ఈడనే ఉంటావు. ఈడ బడి ఉండాది."

పిల్ల ఆలోచించింది. బడి అన్న మాట రెండోసారి తనలో తానే అనుకుంది.

మౌలాసాబు మలారం భుజానికెత్తుకున్నాడు. పొద్దు వాలకముందే ఏరు దాటాలి. మద్దమ్మ అతని వెంట బండల చివరిదాకా వెళ్ళింది.

"సాబూ, పోయి చెప్పు. పిల్లను నేను తెచ్చి దిగబెట్టను. దాని నాయన వచ్చినా పంపను, వాళ్ళ అవ్వ వచ్చినా పంపను. కన్నది వచ్చి పిల్చుకోని పోవాల."

"రాకుంటే?"

ఏటి వైపు ఇసుక మెరుస్తోంది. దాని మీద ఎవరూ లేరు.

"నేనేం యాడికీ పోను సాబూ," అంది మద్దమ్మ.